పక్క సీటు బ్రేకు

మా అన్నయ్య డ్రైవింగ్ నేర్పడం మానేసి లాండ్రీలో ఎందుకు చేరాడని జనం నన్ను అడుగుతూ ఉంటారు. అడిగేవాళ్ళ మొహాన్ని బట్టి జవాబు చెబుతాను. మంచివాళ్ళయితే నడుంనొప్పి అంటాను. ఊరికే కూపీ లాగేవాళ్ళయితే, "ఇస్త్రీ బట్టలంటే మావాడికి చిన్నప్పట్నుంచీ ప్రాణం" అంటాను. వాళ్ళు నిజమేననుకుని తలూపి వెళ్ళిపోతారు. మనిషి ఇల్లు మారితే ఎక్కడికి అంటారు, జుట్టు రంగు మార్చుకుంటే బాగుందంటారు. ఉద్యోగం మారితే మాత్రం ఏదో దాస్తున్నావన్నట్టు చూస్తారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

నన్నూ అడుగుతారు. ఇప్పుడు డ్రైవింగ్ నేర్పుతున్నాను గానీ, అంతకుముందు నేను ఆడవాళ్ళ సెలూన్లో జుట్టు కత్తిరించేదాన్ని. అసలు ఉద్యోగాలు మారేవాళ్ళని అందరికంటే ముందు చూసేది మేమే. కొత్త చోట చేరబోయేవాళ్ళు వచ్చి కురచగా కత్తిరించమంటారు. మానేసినవాళ్ళు వచ్చి, "చివర్లు మాత్రం తీయండి, పెంచుకుంటున్నాను" అంటారు. మెడకి గుడ్డ కట్టగానే అడక్కపోయినా కారణాలు చెప్పేస్తారు. పైవాడు రాక్షసుడని ఒకామె, మోకాళ్ళు అరిగిపోయాయని ఒకామె, చిన్నప్పట్నుంచీ బొమ్మలు వేయాలని ఉందని ఇంకొకామె. అన్నీ నిజాలే అయ్యుంటాయి. కానీ అద్దంలోకి చూస్తూ చెప్పే కారణం వెనక ఇంకో కారణం ఉంటుందని నాకు అనిపించేది. నేను అడిగేదాన్ని కాదు. కత్తెర చేతిలో ఉన్నవాళ్ళు ఎక్కువ ప్రశ్నలు వేయకూడదు.

ఇక మా ఇంటి సంగతి. అన్నయ్యకి సొంత డ్రైవింగ్ స్కూలు ఉండేది. స్కూలంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక బెంచీ, గోడ మీద రోడ్డు గుర్తుల పటం, బయట ఒక తెల్ల కారు. ఆ కారుకి పక్క సీటు ముందు కూడా కింద ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు తడబడినప్పుడు పక్కన కూర్చున్న గురువు అది నొక్కి కారు ఆపుతాడు. గురువుకి స్టీరింగు ఉండదు, గేర్లు ఉండవు. ఉన్నదల్లా ఆ ఒక్క పెడలే.

అన్నయ్య కాలు పేరుమోసిన కాలు. కబుర్లు చెబుతూ, నవ్వుతూ, కిటికీలోంచి తెలిసినవాళ్ళకి చెయ్యూపుతూ ఉండేవాడు, కాలు మాత్రం తన పని తాను చేసేసేది. ఎంత మెత్తగా నొక్కేవాడంటే, కారు ఆగాక నేర్చుకునేవాళ్ళు తామే ఆపామనుకునేవాళ్ళు. ఈయన కూడా, "చూశారా, ఎంత బాగా ఆపారో!" అని మెప్పు వాళ్ళకే కట్టబెట్టేవాడు. ఎందుకన్నయ్యా ఆ అబద్ధం అంటే, "భయం పోవాలి కదే. భయం ఉన్నన్నాళ్ళూ చేతులు వణుకుతాయి" అనేవాడు. ఇన్నేళ్ళలో ఆ కారుకి ఒక్క గీత పడలేదు. ఆయన మీద నమ్మకంతో పిరికివాళ్ళందరూ మా గుమ్మం ముందే వరస కట్టేవాళ్ళు.

మా ఇంట్లో అందరం ఆయన దగ్గరే నేర్చుకున్నాం. వదిన లైసెన్సు వచ్చిన మర్నాడే పక్కింటివాళ్ళ కారు అడిగి తీసుకుని ఒంటరిగా బయల్దేరి, తిరిగొచ్చేటప్పుడు సరాసరి మా గేటుకే గుద్దింది. అక్కడ ఇంకెవరూ లేరు, అడ్డు లేదు, వాన లేదు, పట్టపగలు. గేటు వంగిపోయింది. దాన్ని చూపించి చుట్టాలందరూ కడుపుబ్బా నవ్వారు. వదిన ఆ తర్వాత మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుంది. మనుషుల చూపు పరీక్షించడం, ముక్కుకి సరిపోయేలా ఫ్రేములు వంచి ఇవ్వడం ఆమె పని. నాకు నోరు ఎక్కువైతే ఆమెకి ఓర్పు ఎక్కువ. ఉప్పూ నిప్పులా ఉండాల్సిన వదినామరదళ్ళం ఒకే కంచంలో తిన్నట్టు బతికాం.

వాళ్ళకి ఒక్కతే కూతురు. పొట్టిగా బొద్దుగా ఉండేదని బుడంకాయ అని పిలిచేవాళ్ళం. పెద్దదయ్యాక ఆ పేరు మానేయమని దెబ్బలాడేది, ఎవరూ మానలేదు. దానికి డ్రైవింగ్ నేర్పినన్నాళ్ళూ మా ఇంట్లో పండగే. సీటు మీద మెత్త వేసుకుంటే గానీ రోడ్డు కనపడేది కాదు. వాళ్ళ నాన్న పక్కన కూర్చుని, "మేడం గారూ, అద్దం చూసుకున్నారా?" అనేవాడు. "చూశాను మాస్టారూ, నేనే బాగున్నాను" అనేది. లైసెన్సు మొదటిసారికే వచ్చింది. తెలిసినాయన ఒకరు కొత్తది కొనుక్కుంటూ తన పాత కారు మాకిచ్చాడు. ఇంటి వాడకానికి మామూలు కారు అది.

ఆ కారులోనే పోయింది మా బుడంకాయ.

నిండా ఇరవై ఏళ్ళు లేవు. పొద్దున్నే తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరింది. బజారు దాటాక ఒక మలుపు ఉంది, మలుపు తిరగగానే రోడ్డుకి అడ్డంగా ఒక లారీ నిలబడి ఉంది. వేగం కూడా ఎక్కువేమీ లేదన్నారు. బ్రేకు వేస్తే ఆగేంత దూరం ఉందన్నారు. వేసిన గుర్తు రోడ్డు మీద లేదన్నారు. అన్నయ్యకి భుజం ఎముక విరిగింది. పిల్ల మాత్రం ఆసుపత్రి చేరకుండానే వెళ్ళిపోయింది.

ఆ మలుపు దగ్గర టైర్ల కొట్టాయన అంతా చూశాడట. ఆసుపత్రి వరండాలో వదిన ఎదురుగానే చెప్పాడు. చెడ్డవాడు కాదు, చూసింది చెప్పాలనుకున్నాడు పాపం. "పక్కనున్నాయన బొమ్మలా కూర్చున్నాడమ్మా. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. అరవలేదు, స్టీరింగు మీద చెయ్యి వెయ్యలేదు, హ్యాండ్ బ్రేకు లాగలేదు. ఎందుకో మరి" అన్నాడు.

వదిన లోపలికి వెళ్ళింది. అన్నయ్య మంచం మీద కట్టుతో ఉన్నాడు. ఆమెని చూడగానే, "నేను నొక్కాను" అన్నాడు. అదే మొదటి మాట. "నొక్కాను. ఆగుతుందనుకున్నాను."

"అబద్ధం చెప్పకండి" అంది వదిన. "అక్కడ నొక్కడానికి ఏముంది? మీరు కూర్చున్నారు. ఊరికే కూర్చున్నారు."

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆమె ఒక పెట్టె సర్దుకుని, కళ్ళజోళ్ళ దుకాణం పైన ఉన్న గదికి వెళ్ళిపోయింది. నేను అడ్డం పడ్డాను, అరిచాను, పెట్టె లాక్కున్నాను. పెట్టె నా చేతుల్లోనే వదిలేసి కట్టుబట్టలతో మెట్లు దిగింది. చివరికి నేనే ఆ పెట్టె మోసుకెళ్ళి ఇచ్చి రావాల్సి వచ్చింది.

భుజం కుదురుకున్నాక అన్నయ్య మళ్ళీ తెల్ల కారు ఎక్కాడు. ఇంకేం చెయ్యాలో ఆయనకి తెలీదు. కానీ కాలు పాడైపోయింది. పాడవడమంటే నొప్పి కాదు, తొందర. ఎక్కడో దూరంగా మనిషి కనిపిస్తే నొక్కేసేది. చెట్టు నీడ రోడ్డు మీద కదిలితే నొక్కేసేది. నేర్చుకునేవాళ్ళు గేరు మార్చగానే కారు ఆగిపోయేది, మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ ఆగిపోయేది. స్కూలు వీధి దాటడానికే గంట పట్టేది. వెనకున్న బళ్ళవాళ్ళ హారన్లతో వీధి దద్దరిల్లేది. ఒకావిడ స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చేసింది, తనకి ఈ జన్మకి డ్రైవింగ్ రాదని. అన్నయ్య ఆమెకి క్షమాపణ చెప్పి, కారు దిగి, తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నా కాలు నా మాట వినట్లేదే" అన్నాడు.

అలా లాండ్రీలో చేరాడు. ఇంట్లో ఉండలేక అక్కడే వెనక గదిలో మకాం పెట్టాడు. హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే పెద్ద లాండ్రీ అది. లోపల ఆవిరి, చెమట, సబ్బు వాసన. అక్కడ దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద యంత్రం ఉంది. బల్ల మీద బట్ట పరిచి కింద పెడల్ నొక్కితే పైనుంచి వేడి పలక దిగుతుంది. కాలు తీస్తే లేస్తుంది. మేనేజరు కౌంటర్లో కూర్చోమంటే ఈయనే కాదని ఆ యంత్రం అడిగి తీసుకున్నాడు. నేను మొదటిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు దాన్ని నాకు చూపించాడు. "నొక్కితే దిగుతుంది చూడు. ప్రతిసారీ దిగుతుంది" అన్నాడు. నేను బయటికొచ్చి గోడకి ఆనుకుని ఏడ్చాను.

వెళ్ళినప్పుడల్లా ఆయన నన్ను అడిగేది ఒక్కటే. "మీ వదిన కనిపించిందా? చెప్పావా? నమ్మిందా?" ఆమె తిరిగి రావాలని కూడా అడగడు. తను నొక్కాడని ఆమె నమ్మితే చాలు. ఆ ఒక్క మాట కోసం కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నాడు. ఎన్ని రకాలుగా చెప్పాలో నాకు నేర్పేవాడు. మలుపు తిరగ్గానే లారీని చూశాడని చెప్పు, చూడగానే నొక్కాడని చెప్పు, కాలు మడమ దాకా దిగిందని చెప్పు అనేవాడు. నేను వెళ్ళి చెప్పేదాన్ని. వదిన వినేది, "సరే, ఇంకేంటి విశేషాలు?" అనేది. నేను తిరిగొచ్చి తల అడ్డంగా ఊపేదాన్ని. నేను మాత్రం అన్నయ్యని నమ్మాను. అయితే అన్నయ్య కాబట్టి నమ్మాను, అర్థమై కాదు. లేని బ్రేకు నొక్కడమేమిటో నాకూ తెలీదు.

స్కూలు మూసేస్తే ఆయన తిరిగి రావడానికి చోటుండదనిపించింది. అందుకే కత్తెర పక్కన పెట్టి నేనే పరీక్ష రాసి, కాగితాలు తెచ్చుకుని, పక్క సీట్లో కూర్చున్నాను. సెలూన్ యజమానురాలు, "జడలు వేసే చేతులతో గేర్లు వేయిస్తావా?" అని ఎగతాళి చేసింది. వేయించాను. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళలో సగం మంది ఉద్యోగం మారబోయేవాళ్ళేనని నాకు అక్కడికెళ్ళాకే తెలిసింది. అంకెలతో విసిగిపోయిన గుమాస్తా ఒకాయన అంబులెన్సు నడుపుతానని వచ్చాడు. కూతుర్లందరికీ పెళ్ళిళ్ళు చేసిన ఒకావిడ, వంటిల్లు కాకుండా చక్రాలున్న చోటేదైనా చాలని వచ్చింది. సంగీతం టీచరు ఒకాయన దారిలో ఎవరెదురైనా కిటికీ దించి మరీ క్షమించమనేవాడు. అందర్నీ తిట్టేదాన్ని. అందరికీ నేర్పేదాన్ని.

మొదట్లో నా కాలు బుద్ధిగా ఉండేది, నేను చెబితేనే నొక్కేది. రానురాను నేను చెప్పకముందే నొక్కడం మొదలుపెట్టింది. గుమాస్తాగారికి పెద్దరోడ్డు నేర్పుతుంటే ఆటోకి తగలబోయాం. నేను కారు ఆపాక ఆయన నవ్వుతూ, "మీరున్నారుగా మేడం, నాకేం భయం!" అన్నాడు. నేనూ నవ్వాను. గర్వపడ్డాను కూడా, అన్నయ్య కాలు నాకొచ్చిందని.

మొన్న సెలూన్లో నా పక్క కుర్చీ దగ్గర పని చేసిన నేస్తం కొత్త కారు కొనుక్కుంది. చూపిస్తానని ఎక్కించుకుంది. అది మామూలు కారు. కబుర్లలో పడి వెళ్తున్నాం. పక్క సందులోంచి ఒక ముసలాయన సైకిలు మీద సరిగ్గా కారు ముందుకి వచ్చేశాడు. నేస్తం కెవ్వున అరిచి, స్టీరింగు తిప్పి, బ్రేకు మీద లేచి నిలబడింది. కారు ఆగింది. ముసలాయన మమ్మల్ని నాలుగు తిట్టి వెళ్ళిపోయాడు.

నేస్తం గుండె పట్టుకుని నా వైపు తిరిగింది. "ఏమే, నేను ప్రాణాలు పోయాయనుకుంటుంటే నువ్వేంటి అంత నింపాదిగా కూర్చున్నావు? ఒళ్ళో చేతులు కూడా కదపలేదు!"

నేను కిందికి చూసుకున్నాను. నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. నా కాలు కారు అడుగుని తొక్కిపట్టి ఉంది, మోకాలు దాకా బిగుసుకుపోయి. మడమ పక్కన ఏదో కలుక్కుమంది, నొప్పి అప్పుడు తెలిసింది. నాకు భయమెయ్యలేదు. ఎందుకంటే నేను నొక్కాను కదా. నొక్కాక ఆగాలి కదా. చెయ్యి చాపాలని, అరవాలని నాకు తట్టనే లేదు. ఇంకే తండ్రయినా అరిచేవాడు, హ్యాండ్ బ్రేకు లాగేవాడు, స్టీరింగు మీద పడేవాడు. మా అన్నయ్య డ్రైవింగ్ మాస్టారు కాబట్టి నొక్కాడు, నొక్కి ఆగుతుందని కూర్చున్నాడు. టైర్ల కొట్టాయన చూసిందీ నిజమే, అన్నయ్య చెప్పిందీ నిజమే.

నడిరోడ్డు మీద కారు దిగేశాను. నేస్తం వెనక నుంచి పిలుస్తూనే ఉంది. ఏడుస్తూ, నవ్వుతూ, కుంటుతూ కళ్ళజోళ్ళ దుకాణానికి పరిగెత్తాను. నా కాలే సాక్ష్యం. ఇక వదిన ఎలా నమ్మదో చూస్తాననుకున్నాను. సాయంత్రానికల్లా ఆమె పెట్టె మళ్ళీ నేనే మోసుకొస్తాననుకున్నాను.

దుకాణంలో వదిన ఒక పెద్దాయనకి ఫ్రేము సరిచేస్తోంది. నేను ఆయన ఉన్నాడని కూడా చూడకుండా మొత్తం కక్కేశాను. సైకిలు, చేతులు, కాలు, అన్నీ. కౌంటరు మీద కాలు పెట్టి వాపు చూపించబోయాను గానీ ఆమె వద్దంది.

"ముక్కు మీంచి జారుతోందమ్మా ఇంకా" అన్నాడు పెద్దాయన.

ఆమె కళ్ళజోడు తీసి, కాడలు వేడి చేసి కొంచెం వంచి, మళ్ళీ ఆయన చెవులకి తగిలించింది. తల అటూ ఇటూ ఊపమంది. ఆయన ఊపి, సంతోషించి, వెళ్ళిపోయాడు. తలుపు మూసుకున్నాక నాకు ఒక స్టూలు జరిపింది.

"ఆయన నొక్కాడని నాకు తెలుసు" అంది.

నేను స్టూలు మీద చతికిలబడ్డాను.

"పెళ్ళయిన కొత్తలో నన్ను సినిమాకి తీసుకెళ్ళాడు. తెర మీద కారు మలుపు తిరిగితే ఇక్కడ కింద నొక్కాడు. ముందు కుర్చీలో కూర్చున్నతను వెనక్కి తిరిగి తిట్టాడు కూడా. బస్సెక్కినా నొక్కుతాడు. నిద్రలో నొక్కుతాడు, నా కాలికి తగిలి మెలకువొచ్చేది. అలాంటి మనిషి కన్నకూతురి పక్కన కూర్చుని నొక్కకుండా ఉంటాడా? ఆసుపత్రిలో అన్నది నిజంగా కోపంతోనే అన్నాను. నాకు ఒళ్ళు తెలీలేదు. ఆ తర్వాత స్థిమితంగా ఆలోచించుకున్నాను."

"మరి ఇన్నాళ్ళూ ఏమిటి వదినా ఇది? ఆయన్ని ఎందుకిలా చంపుతున్నావు?" అని అరిచాను. బయట నడిచేవాళ్ళు తిరిగి చూశారు.

"అరవకు. నా గేటు సంగతి గుర్తుందా?" అంది వదిన. "అందరూ నవ్వారు. నేను మాత్రం ఎవరికీ చెప్పలేదు. నేను గేటుని చూశాను. దూరం నుంచే చూశాను. ఆగుతుందిలే అని చూస్తూ కూర్చున్నాను. నేర్చుకున్నన్నాళ్ళూ అలాగే ఆగింది మరి. నేనే ఆపుతున్నాననుకున్నాను. మీ అన్నయ్య కూడా అలాగే చెప్పాడు కదా, ఎంత బాగా ఆపావో అని."

నాకు గుమాస్తాగారి నవ్వు గుర్తొచ్చింది.

"బుడంకాయ కళ్ళు మంచివి" అంది వదిన. "ఏటా నేనే పరీక్ష చేసేదాన్ని. లారీని చూసే ఉంటుంది. నాన్న పక్కనున్నాడు, ఆగుతుందిలే అనుకుని ఉంటుంది. ఈయన కాలు నొక్కానని కూర్చుంది, దాని కాలు ఆయన నొక్కుతాడని కూర్చుంది."

"అది ఆయన తప్పు కాదు వదినా."

"కాదు. ఆ ముక్క నువ్వూ నేనూ అనుకుంటాం. ఆయన అనుకుంటాడా? నేను ఇప్పుడు వెళ్ళి, మీరు నొక్కారు, నేను నమ్ముతున్నాను అన్నాననుకో. ఆయనకి ఇంక నిరూపించుకోవడానికి ఏం మిగులుతుంది? తీరుబడిగా కూర్చుని మిగిలింది ఆలోచిస్తాడు. నేను నొక్కాను సరే, పిల్ల ఎందుకు నొక్కలేదు అని. ఆ ప్రశ్న ఒక్కసారి వేసుకున్నాడంటే, జవాబు ఆయనకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు. దాని కాలు తనే అలా తయారుచేశానని తెలిశాక ఆయన బతకడు. ఆయన సంగతి నీకు తెలీదా?"

నాకు తెలుసు. చిన్నప్పుడు మా పెరట్లో పిల్లికూన చచ్చిపోతే, పాలు తను ఆలస్యంగా పోశానని మూడుపూటలూ అన్నం మానేసిన మనిషి.

"నేను నమ్మలేదంటున్నంతసేపూ ఆయన నన్ను నమ్మించే పనిలో ఉంటాడు. ఉండనీ. ఆ పనే ఆయన్ని నిలబెడుతోంది" అంది.

"ఆ అబద్ధమేదో ఇంట్లో ఉండే చెప్పొచ్చుగా!" అన్నాను. నా గొంతులో కోపం అప్పటికే ఏడుపైపోయింది.

"ఒకే ఇంట్లో ఉండి ఎంతసేపు ఆడగలను? నా మొహం ఆయనకి కొట్టినపిండి. ఎదురుగా కూర్చుని ఒక్క పూట తింటే పట్టేస్తాడు." కౌంటరు మీద గుడ్డ తీసుకుని తుడవడానికేమీ లేని అద్దాన్ని తుడిచింది. "నాకు మాత్రం ఎవరున్నారు చెప్పు? పిల్ల పోయింది. ఆయన్ని చూడాలని రోజూ ఉంటుంది. లాండ్రీ ఉన్న వీధిలోంచి వెళ్తాను, లోపలికి వెళ్ళను. భుజం తగ్గిందా ఆయనకి?"

"తగ్గింది. చలికి మాత్రం లాగుతుందంటాడు."

"వేడినీళ్ళ కాపడం పెట్టుకోమను. నేను చెప్పానని చెప్పకు."

"ఇలా ఎన్నాళ్ళు వదినా?"

"ఆయన ఉన్నన్నాళ్ళూ" అంది. ఆమెకి ఆ జవాబు ఎప్పుడో దొరికేసిందని నాకు అర్థమైంది. నా దగ్గరున్న తిట్లన్నీ వెతుక్కున్నాను, ఒక్కటి కూడా పనికొచ్చేది కనపడలేదు. ఆమెని పట్టుకుని ఏడ్చాను. ఆమె నా వీపు రాస్తూ నిలబడింది. తర్వాత ఎవరో తలుపు తోసుకుని వచ్చి, చూపు మసకగా ఉందంటే, వాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టడానికి వెళ్ళింది.

అక్కణ్ణుంచి లాండ్రీకి వెళ్ళకుండా ఉండాల్సింది. కానీ ఆ రోజు నేను వస్తానని అన్నయ్యకి తెలుసు, రాకపోతే ఇంటికి వచ్చేస్తాడు. దారంతా మొహం సరిచేసుకుంటూ నడిచాను. వదిన ఒక పూట తింటే పట్టేస్తాడంది, నేను ఎన్ని నిమిషాలు నిలబడగలనో చూసుకోవాలి.

అన్నయ్య యంత్రం దగ్గర ఉన్నాడు. దుప్పటి పరిచి, నొక్కి, తీసి, మడత పెట్టి పక్కనున్న దొంతర మీద వేశాడు. నేను గుమ్మం దాటగానే నా మొహం కంటే ముందు నా నడక చూశాడు.

"కాలికేమైంది?"

ఏమైందో చెబితే ఆయన ఎంత సంతోషించేవాడో నాకు తెలుసు. యంత్రం వదిలేసి ఎగిరి గంతేసేవాడు. ఇన్నాళ్ళుగా నోటితో చెప్పలేకపోయింది నా మడమ మీద వాచి ఉంది. లోకంలో ఆయన్ని నమ్మడానికి అంతకంటే పెద్ద రుజువు లేదు. ఆ రుజువు మీద నిలబడి, "స్కూలు మెట్ల మీద జారాను" అన్నాను.

"కొత్త చెప్పులేసుకున్నావా? మెట్లు చూసుకుని దిగొద్దూ" అని నన్ను ఉతికిన తువ్వాళ్ళ మూట మీద కూర్చోబెట్టాడు. ఒక తువ్వాలు చల్లటి నీళ్ళలో ముంచి పిండుకొచ్చి కింద కూర్చున్నాడు. చెప్పు తీసి మడమ అటూ ఇటూ తిప్పి చూశాడు. కాసేపు అలాగే చూశాడు. "మెట్ల మీద జారిన వాపులా లేదే ఇది" అన్నాడు.

"నువ్వేం డాక్టరువా? దుప్పట్లు ఇస్త్రీ చేసుకో" అన్నాను.

నవ్వాడు. చాన్నాళ్ళకి నవ్వాడు. తువ్వాలు చుట్టడం మొదలుపెట్టి, తలెత్తకుండా, "మీ వదినని కలిశావా?" అన్నాడు.

"కలిశాను."

"నమ్మిందా?"

ఆయన తలెత్తాడు. పెద్దవాడైపోయాడు మా అన్నయ్య. ఆవిరికి జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది, కళ్ళు మాత్రం ఆశతో ఉన్నాయి. అవునని అనాలని నా ప్రాణం కొట్టుకుంది. ఆ ఒక్క మాట కోసమే కదా నేను కుంటుకుంటూ పరిగెత్తింది.

"లేదన్నయ్యా. నమ్మలేదు" అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. నా కళ్ళలో నీళ్ళు ఆగలేదు. నొప్పికి ఏడుస్తున్నాననుకున్నాడో ఏమో, చుట్టింది వదులు చేసి మళ్ళీ చుట్టాడు. "నువ్వు తొందరపడి చెబుతావే, అదీ నీతో వచ్చిన చిక్కు. నిదానంగా చెప్పాలి. మలుపు దగ్గర్నుంచి మొదలుపెట్టు. లారీ కనిపించగానే అని చెప్పు. ఆలస్యం చెయ్యలేదని చెప్పు. కాలు మొత్తం దించేశానని చెప్పు" అంటూ మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు. తను నొక్కిన చోటికి వచ్చి ఆగాడు. ఎప్పుడూ అక్కడికే వచ్చి ఆగుతాడని నేను ఆ రోజే గమనించాను.

ఈసారి అలాగే చెబుతానన్నాను. ఆయనకి కొంచెం ఊరట కలిగింది. తువ్వాలు కొస లోపలికి దోపి, "నొప్పిగా ఉందా?" అని అడిగాడు.

ఉందన్నాను.